ఐదున్నర గంటల సింగపూర్

ఆస్ట్రేలియాలో కొడుకో కూతురో ఉన్న తెలుగు తల్లిదండ్రులంతా సింగపూర్ విషయంలో నిపుణులే. పోయే దారిలో చాంగీలో విమానం మారాలి గనక, ఆ మారేలోపు ఆరేడు గంటల ఖాళీ ఉంటుంది గనక, ఆ ఖాళీలో ఒక దేశాన్ని ఆమూలాగ్రం అర్థం చేసుకోవచ్చు గనక.

చాంగీ విమానాశ్రయం వాళ్లు ఈ జ్ఞానతృష్ణను ఎప్పుడో పసిగట్టారు. కనీసం ఐదున్నర గంటల ఖాళీ ఉన్న ప్రయాణికుడికి రెండున్నర గంటల బస్సు యాత్ర ఉచితంగా పెట్టారు. ఉచితం అన్న మాట చెవిన పడ్డాక మనవాడు కుర్చీలో కూర్చుంటాడా? మామూలుగా మన పాస్‌పోర్టుకి సింగపూర్ వీసా కావాలి. అయితే చేతిలో ఆస్ట్రేలియా, అమెరికాల వంటి దేశాల వీసా ఉండి దారిలో దిగితే, కొన్ని షరతుల మీద 96 గంటల దాకా వీసా లేకుండానే రానిస్తారు. మన మీద నమ్మకం ఉండి కాదు లెండి, మనల్ని ఆస్ట్రేలియా వాళ్లు నమ్మారు కదా అన్న ధైర్యం.

మా అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు గారు ఈమధ్య ఆ బస్సెక్కి వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన నోట ప్రతి మాటా "సింగపూర్‌లో అయితేనా..." అనే మొదలవుతోంది. లిఫ్టులో అదే, చెత్తబండి దగ్గర అదే. ఐదో అంతస్తు వాళ్లింట్లో పదకొండో రోజు భోజనాల దగ్గర కూడా అదే మాట ఎత్తబోతే, వాళ్లావిడ మోచేత్తో పొడిచి ఆపింది.

ఇంతకీ ఆయన చూసినవి మూడు. మొదటిది విమానాశ్రయంలోనే ఉన్న జ్యువెల్. 2019లో తెరిచారు. గాజు గుమ్మటం, దాని నడినెత్తిన కన్నం, అందులోంచి 40 మీటర్ల ఎత్తునుంచి కిందికి దూకే జలపాతం, జలపాతం చుట్టూ అడవి, అడవి చుట్టూ దుకాణాలు. ఊళ్లోకి అడుగు పెట్టకుండానే దేశం చూసేసిన తృప్తి కలిగించి, రెండు చేతుల్లో సంచులతో మళ్లీ విమానం ఎక్కించే ఏర్పాటన్నమాట.

రెండోది మర్లయన్. తల సింహానిది, ఒళ్లు చేపది, నోట్లోంచి నీళ్లు. మత్స్యావతారానికీ నరసింహావతారానికీ మధ్య ఏదో పొత్తు కుదిరిందనుకుని అధ్యక్షుడు గారు చెప్పులు విప్పి దణ్ణం పెట్టారట. ఆ దేవుడు 1964లో అక్కడి పర్యాటక మండలి తన చిహ్నంగా గీయించుకున్న బొమ్మ. 1972లో 8.6 మీటర్ల విగ్రహమయ్యాడు. 1997లో పక్కనే వంతెన కట్టేసరికి సముద్రం వైపునుంచి కనపడకుండా పోయాడు. ఏం చేశారంటే, 2002లో విగ్రహాన్నే లేపి వేరేచోట నిలబెట్టారు. ఆ దేశానికి నేను దణ్ణం పెట్టాల్సి వస్తే ఈ ఒక్క పనికే పెడతాను. మన కూడళ్లలో అయితే రోడ్డు వంకర తిరుగుతుంది, ఫ్లైఓవర్ వంకర తిరుగుతుంది, వ్యవహారం కోర్టు మెట్లెక్కుతుంది. విగ్రహం మాత్రం వేలు చూపిస్తూ ఉన్నచోటే ఉంటుంది.

మూడోది మరీనా బే శాండ్స్. సముద్రాన్ని పూడ్చిన నేల మీద మూడు ఎత్తైన భవనాలు, వాటి నెత్తిన పడవ ఆకారంలో ఒక తోట. దీన్నీ జ్యువెల్‌నీ గీసింది మోషే సాఫ్డీ అనే ఒకే ఆర్కిటెక్టు. అంటే మా అధ్యక్షుడు గారు చూసిన సింగపూర్‌లో మూడింట రెండొంతులు ఒక్క మనిషి బుర్రలోంచి వచ్చిందే. ఆ పడవ కింద క్యాసినో ఉంది. మీరూ నేనూ పోతే టికెట్టు లేదు. ఆ దేశ పౌరుడు పోతే మాత్రం 24 గంటలకు 150 సింగపూర్ డాలర్లు కట్టి లోపలికి పోవాలి. మా పిల్లలు చెడిపోకూడదు, మీరు చెడిపోతే మాకు ఆదాయం అని ఇంత మర్యాదగా చెప్పిన ప్రభుత్వం ఇంకోటి ఉండదు. ఈ సంగతి ఆయనకు బస్సులో ఎవరూ చెప్పలేదు.

ఆయన్ని ఒక్కణ్ణే ఆడిపోసుకుని లాభం లేదు. పెద్దలు నడిచిన దారే ఆయనదీ. మన ఎన్నికల సభల్లో సింగపూర్ పేరు నలిగినంతగా సింగపూర్‌లో కూడా నలిగి ఉండదు. 2015లో అమరావతికి మాస్టర్ ప్లాన్ గీసిచ్చింది అక్కడి సంస్థలే. 2019లో ఇక్కడ ప్రభుత్వం మారింది, స్టార్టప్ ఏరియా కోసం సింగపూర్ కంపెనీలతో చేసుకున్న ఒప్పందం ఆ ఏడాదే రద్దయింది. అక్కడ 1959 నుంచీ ఒకే పార్టీ పాలిస్తోంది. సింగపూర్‌లో మన పార్టీలన్నిటికీ నిజంగా నచ్చిన విషయం అదేనని నా అనుమానం. ఆ ఒకే పార్టీ తామేనని ఎవరికి వారు అనుకోవడం దగ్గరే పేచీ.

సరే, మా అపార్ట్‌మెంట్‌కి వద్దాం. పోయిన ఆదివారం సర్వసభ్య సమావేశంలో అధ్యక్షుడు గారు రెండు తీర్మానాలు పెట్టారు. గేటు ముందు సింహం నోట్లోంచి నీళ్లొచ్చే ఫౌంటెన్, దానికి రంగురంగుల లైట్లు. వెనక ఉన్న వేపచెట్టు కొట్టేసి కార్లకు చోటు. "సింగపూర్ లెవెల్లో ఉండాలి" అన్నారు.

రెండో అంతస్తు పంతులమ్మగారు లేచారు. కొడుకు ఉద్యోగం అక్కడే. మనవడు పుట్టినప్పుడు పోయి నెలల తరబడి ఉండి, వండి, మార్కెట్టుకు తిరిగి వచ్చిన మనిషి.

"ప్రెసిడెంటుగారూ, మీరు చూసిన జలపాతం ఉన్నచోట మునుపు కార్ల పార్కింగే ఉండేదండీ. వాళ్లు పార్కింగ్ తీసి చెట్లు పెట్టారు."

ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ ఆగలేదు. అక్కడ కారు కొనాలంటే ముందు కారు పెట్టుకునే హక్కును వేలంలో కొనుక్కోవాలని, 1990 నుంచీ ఇదే పద్ధతని, అదీ పదేళ్లకేనని, ఈమధ్య ఆ కాగితమే లక్ష డాలర్లు దాటిన సందర్భాలున్నాయని చెప్పారు. మన డబ్బుల్లో 60 లక్షల పైమాటే. కారు ఖరీదు వేరే. మూడు కార్లున్న నాలుగో అంతస్తు ఆయనకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

కాశీకి పోయినవాళ్లు ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలేసి వస్తారు. సింగపూర్ పోయొచ్చినవాళ్లకూ అలాంటి నియమం ఒకటి ఉంటే బాగుండేది. రెండో కారునో, రోడ్డు మీద ఉమ్మే అలవాటునో వదిలి రమ్మంటే సరిపోయేది. మనవాళ్లు వదిలేది ఏమీ లేదు. తెచ్చేది మాత్రం ఫ్రిజ్ తలుపుకి అతికించే మర్లయన్ బొమ్మ.

"మీరు ఉన్నదెక్కడమ్మా?" అని అడిగారు అధ్యక్షుడు గారు.

"గవర్నమెంటు ఫ్లాట్లోనండీ, అద్దెకి. అక్కడ నూటికి ఎనభై మంది దాకా ఉండేది గవర్నమెంటు కట్టించిన ఫ్లాట్లలోనే. కొనుక్కున్నా 99 ఏళ్లకే."

"క్వార్టర్సా? మాకు చూపించలేదే!"

"ఒక బ్లాకులో చైనా వాళ్లు ఇంతమంది, మలయ్ వాళ్లు ఇంతమంది, మనవాళ్లు ఇంతమంది అని లెక్క కూడా ఉందండీ. అందరూ ఒక్కచోటే పోగుపడకూడదని 1989లో పెట్టారు. మనమూ అలాంటిదేదైనా..." అంటూ ఆవిడ గేటు వైపు చూశారు. అక్కడ 'శాకాహారులకు మాత్రమే' అన్న టులెట్ బోర్డు వేలాడుతోంది.

అధ్యక్షుడు గారు నిట్టూర్చారు. "పంతులమ్మగారూ, మీరు అక్కడ ఎక్కువ రోజులు ఉండిపోయారమ్మా. అన్నేసి రోజులుంటే ఏ ఊరైనా ఇలాగే కనపడుతుంది."

చప్పట్లు మోగాయి. ఫౌంటెన్ తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. వేపచెట్టు సంగతి తేల్చడానికి మూడు కార్ల ఆయన అధ్యక్షతన ఉపసంఘం వేశారు. మినిట్స్ పుస్తకంలో పంతులమ్మగారి ప్రసంగం మొత్తం "శ్రీమతి ఫ్లాట్ 204 మాట్లాడారు" అని ఒక్క ముక్కలో నమోదైంది.

ఫౌంటెన్‌కి చందాలు వసూలయ్యాయి, గొయ్యి కూడా తవ్వారు. పని మాత్రం ఆగింది. అధ్యక్షుడు గారు వచ్చే నెల అమెరికాలో చిన్నబ్బాయి దగ్గరికి పోతున్నారు. దారిలో దుబాయ్‌లో తొమ్మిది గంటల ఖాళీ ఉందట. ఆయన అది కూడా చూసి వచ్చాక డిజైన్ ఖరారు చేద్దామని కమిటీ నిర్ణయించింది.