సోలాపూర్‌లో రెండు వారాల సేవ: చెమట పట్టకుండా సర్టిఫికెట్

కాలేజీ దరఖాస్తులో ‘పేద పిల్లలతో గడిపిన అనుభవం’ చూపించాల్సిన అమెరికా తెలుగు పిల్లలకు సోలాపూర్ తూర్పు భాగాన్ని మించిన చోటు లేదు. హైదరాబాద్‌లో కారెక్కితే ఒక పూట ప్రయాణం. నేతపనివాళ్ల వాడలు, బీడీలు చుట్టే తల్లులు, కెమెరా తీస్తే చాలు వరసకట్టే పిల్లలు. పైగా అందరికీ తెలుగొచ్చు. ఆ సంగతి మాత్రం దరఖాస్తులో రాయకండి, పేదరికం పరాయి భాషలో ఉంటేనే మార్కులు. కింది చిట్కాలు పాటిస్తే ఏమీ నేర్చుకోకుండా క్షేమంగా తిరిగి రావచ్చు.

1. నేర్చుకున్న పాఠాలు ముందే రాసేయండి. విమానంలో భోజనం వచ్చేలోపు అయిపోవాలి. “వాళ్లకు ఏమీ లేదు, అయినా ఎంత సంతోషంగా ఉన్నారో!” అన్న వాక్యం తప్పనిసరి. అది కెన్యాకూ పెరూకూ సోలాపూర్‌కూ ఒకేలా సరిపోతుంది, ఊరి పేరు మారిస్తే చాలు. అక్కడ ఏ పిల్లాడైనా చిరాగ్గా కనిపిస్తే వ్యాసం దిద్దకండి. వేరే పిల్లాణ్ణి వెతకండి.

2. చరిత్ర చెప్పే తాతలకు దొరక్కండి. ప్రతి సందులోనూ ఒకాయన అరుగు మీద కాచుకుని ఉంటాడు. కరీంనగర్, నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి పద్మశాలీలు ఎలా వలస వచ్చారో, 1877లో ఇక్కడ మొదటి మిల్లు ఎలా లేచిందో, మిల్లులు మూతబడ్డాక దుప్పట్లు, తువ్వాళ్లు నేసే మరమగ్గాల కార్ఖానాలే ఎలా మిగిలాయో మొదలుపెడతాడు. వింటే వినండి గానీ, ఆ తర్వాత “మీదే ఊరు బిడ్డా? ఇంటిపేరేంది?” అంటాడు చూడండి, అక్కడ లేచిపోండి. మీ ముత్తాత కూడా నల్లగొండ జిల్లాలో మగ్గం గుంటలోనే కూర్చున్నాడని తేలిందా, మీరు చేసింది సేవ కాదు, చుట్టపుచూపు. చుట్టపుచూపుకు ఏ కాలేజీ సీటివ్వదు.

3. ‘ఏ ఫర్ యాపిల్’ దగ్గరే మొదలుపెట్టండి. మీకంటే ముందొచ్చినవాళ్లూ అక్కడే మొదలుపెట్టారు. పిల్లలకు యాపిల్ కంఠతా వచ్చు కాబట్టి మొదటి రోజే అద్భుత ఫలితాలు. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, వీధిలో హిందీ మాట్లాడే పిల్లలకు భాష నేర్పడానికి వచ్చిన మీకు ఒకటిన్నర భాషే వచ్చన్న సంగతి బయటపడనీయకండి. ఎవరైనా భిన్నాల లెక్క అడిగితే చెవి దగ్గర చెయ్యి పెట్టి, మగ్గాల చప్పుడులో వినపడలేదన్నట్టు నవ్వండి. ఆ చప్పుడు అడిగినప్పుడల్లా ఆదుకుంటుంది.

4. బీడీల దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోండి. తల్లి చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. నానిన తునికాకు కొలతకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి. అప్పజెప్పేటప్పుడు బాగాలేవన్నవి పక్కన పడేస్తారు, వాటికి కూలి రాదు. ఇచ్చిన ఆకు చాలకపోతే సొంత డబ్బు పెట్టి కొనుక్కోవాలి. ఇవేవీ తెలుసుకోకండి. తెలిస్తే రేటెంత అని అడగాలనిపిస్తుంది, రేటు అడిగితే మాట యూనియన్ దాకా పోతుంది.

మీరు చేయాల్సినవి రెండే. ముందు ఆవిడ పక్కన కూర్చుని, ఫొటో కోసం ఒక బీడీ చుట్టండి. నాలుగాకులు చిరుగుతాయి, అవి ఆవిడ లెక్కలోవే. తర్వాత, బడి నుంచి వచ్చిన కూతురు మూతులు మడుస్తుంటే, పిల్లల్ని బీడీ పనిలో పెట్టడాన్ని 1986లోనే చట్టం నిషేధించిందని తల్లిని నలుగురిలో నిలదీయండి. ఇంటిల్లిపాదీ చేసుకునే పనిని అదే చట్టం అప్పట్లో వదిలేసిందన్న సంగతి మీకెందుకు? నిలదీయడం అయ్యాక అదే కూతుర్ని చీకటి పడేదాకా మీ వెంట తిప్పుకుని మరాఠీ నుంచి తర్జుమా చేయించుకోండి, ఉచితంగా. దాన్ని పని అనరు, నాయకత్వ శిక్షణ అంటారు. ఆ రాత్రి ఆ ఇంట్లో వెయ్యి లెక్క ఎప్పటికి పూర్తయిందన్నది మీ ప్రాజెక్టు పరిధిలోకి రాదు.

5. గోడకు రంగు వేయండి. కింద పోయినేడాది వాళ్ల సీతాకోకచిలుక కనిపిస్తే దాని మీదే కొత్త సీతాకోకచిలుక. పైకప్పు కారుతుంటే వదిలేయండి, అది ఫొటోలో పడదు.

6. శ్రావణ పౌర్ణమికి మార్కండేయుడి రథోత్సవం. క్లాసుకు పురుగు కూడా రాదు. మీరూ రథం వెనక తిరిగి, గంటల పట్టికలో ‘సాంస్కృతిక అధ్యయనం, 10 గంటలు’ అని వేసుకోండి. సంతకం పెట్టే పెద్దమనిషి అక్కడే ఉంటాడు, జనంలోనే పెట్టించేయండి. తిరిగొస్తూ షేంగా (వేరుశనగ) చట్నీ పొట్లం కొనండి. మీ జేబులోంచి ఈ ఊరికి అందే డబ్బు అదొక్కటే, కాబట్టి గట్టిగా బేరమాడండి.

7. డాక్టర్ కోట్నీస్ దారి పట్టకండి. ఆయన పుట్టిన ఇల్లు ఈ ఊళ్లోనే స్మారకంగా ఉంది, బయటి నుంచే దండం పెట్టి వచ్చేయండి. 1938లో కాంగ్రెస్ చైనాకు పంపిన ఐదుగురు డాక్టర్లలో ద్వారకానాథ్ కోట్నీస్ ఒకడు. మిగతా నలుగురూ తిరిగొచ్చారు, పద్ధతైన మనుషులు. ఈయన చైనా భాష నేర్చుకున్నాడు. కొంప అక్కడే మునిగింది. భాష వస్తే ఎదుటివాడు ఏమంటున్నాడో అర్థమవుతుంది, అర్థమైతే కదలబుద్ధి కాదు. అక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకుని, ఆస్పత్రి నడుపుతూ, 1942 డిసెంబరులో 32 ఏళ్లకే పోయాడు. (1946లో శాంతారాం ఆయన మీద సినిమా తీశాడు. కానీ మీ దరఖాస్తు గడువు అంతదాకా ఆగదు.)

8. వెళ్లే రోజు పెన్సిళ్లు పంచండి. అరవై మంది ఉంటే నలభై తీసుకెళ్లండి, తోపులాటలో ఫొటోలు బాగా వస్తాయి. “వచ్చే ఏడు మళ్లీ వస్తా” అనండి, మాటకు ఖర్చేముంది? “పోయినేడొచ్చిన అక్క గూడ ఇట్లనే అన్నది” అని ఎవరో ఒక పిల్ల అననే అంటుంది. ఆ అక్కది వేరే సంస్థ అని చెప్పి, కారు అద్దం ఎక్కించేయండి.