కర్తృనిర్ణయము

కవిజనాశ్రయమును రచించినవాడు వేములవాడ భీమకవియా, మల్లియ రేచనయా యని మన పండితులు పట్టిన సిగపట్లను చూచి నవ్వుకొన్నవారు ఎవరైనను, ఒక పాత ఫిడేలు కమానును చేసినవా డెవడో తేల్చుటకు పూనుకొన్నచో, భీమకవి వివాదమే సుఖమని యొప్పుకొందురు. ఏలయన గ్రంథమునందు వాదించుటకు పద్యములైన నుండును. కమానునందు కర్రయు, గుఱ్ఱపు వెంట్రుకలును తప్ప మఱేమియు లేవు.

మా మేనమామగారి ఫిడేలు పెట్టె నాకు సంక్రమించినప్పుడు, అందలి కమానుపై పిడికి కొంచెము ఎగువగా, సన్నని అక్షరములతో ‘తూర్త్’ అను ముద్ర కనబడెను. ఆ పేరు గొప్పదని ఎవరివలననో విన్నది మొదలు, సంగీతమన్న ఆమడదూరము పరుగెత్తు మా బావగారు, ఆ కమానులో మా అక్కయ్యకు న్యాయముగా సగము రావలెనని వాదింప నారంభించిరి.

ఫ్రాంస్వా తూర్త్ (1747–1835) పారిసు నగరమున గడియారముల పని నేర్చి, పిదప కమానుల వైపు మరలిన మహానుభావుడు. ఎఱ్ఱరంగు తీయుటకై బ్రెజిలునుండి ఓడలలో వచ్చుచుండిన పెర్నంబుకో దుంగలలో మేలైనవానిని ఏరి, కర్రను వంపుగా చెక్కుటకు బదులు సెగపై కాచి వంచి, సుమారు 74 సెంటీమీటర్ల పొడవుగల నేటి కమానునకు రూపము స్థిరపఱచిన ఘనత అతనిది. అట్టివాడు తన పేరును కర్ర పొడవునను చెక్కికొన్నను అడ్డుచెప్పువారు లేరు. కాని అతనికి ముద్ర వేయు నలవాటు లేదు. డెబ్బదియేడేండ్ల ప్రాయమున, 1824లో, ఒక కమాను లోపల చిన్న కాగితపు ముక్కపై పేరును వయస్సును వ్రాసి దాచుట వంటిదే అతడు చేసిన యాడంబరము. అతడు వేయని ముద్రను, అతని కాలము గడచిన పిదప, జర్మనీ దేశపు మార్క్‌న్యూకిర్ఖెన్ ప్రాంతమునుండి వేలకొలది చౌక కమానులపై కొట్టి లోకమంతట అమ్మిరి. కావున తూర్త్ పేరు కలిగియుండుటయే, ఆ కమాను తూర్త్‌ది కాదనుటకు ప్రబలమైన సాక్ష్యము.

వీయోమ్ దొరగారి సంగతి ఇందుకు విపరీతము. ఆయన పారిసులో అంగడి పెట్టి, పెకాత్, వ్వారె మొదలగు దిట్టలచేత కమానులు చేయించి, తన ముద్ర వేయించెను. అంతటితో తృప్తి చెందక, కొన్ని కమానులలో వెంట్రుకలను బిగించు దిమ్మకు సన్నని రంధ్రము పెట్టించి, అందొక చిన్న కటకమును అమర్పించెను; ఒక కన్ను మూసి రెండవ కంటితో చూచినచో లోపల దొరగారి ఛాయాచిత్రము దర్శనమిచ్చును. సొమ్మొకనిది సోకొకనిది యను మాట మనవారు ఆయనను చూడకయే యనిరి.

ఇక మా కమాను విషయమున అభిప్రాయములకు కొఱత లేకుండెను. ఒక విద్వాంసుడు దాని కొనను చూచి, గొడ్డలి పోలిక యున్నది గనుక పెకాత్‌ది కావచ్చుననిరి. మఱియొకరు చూడకయే ఇటలీ దనిరి. తుదకు మదరాసులో ఫిడేళ్లు బాగుచేయు నొక వృద్ధుని కడకు గొనిపోతిని. ఆయన ముద్రవంక కన్నెత్తియైన చూడక, మర విప్పి, దిమ్మను ఊడదీసి, కర్రకు తొలిచిన గాడిని దీపమునకు ఎదురుగా పట్టి, ఉలి జాడలను పరికించి, కొనను ముందునుండియు ప్రక్కనుండియు చూచి, దాని వెనుకటి అంచుపై బొటనవ్రేలిని మెల్లగా జరిపెను. తాకట్టుకు వచ్చిన నగను గీటుఱాతిపై రుద్దు షాహుకారు ముఖమున గూడ అంతటి నిర్దయను నేను చూచి యెఱుగను.

“పేరు ఎవడైనా కొడతాడు బాబూ, ఈ మూతి తీర్చడంలోనే వాడి చెయ్యి తెలుస్తుంది. ఇది జర్మనీ సరుకు. ఈ దిమ్మ దీనిది కూడా కాదు, తరవాత ఎవరో మార్చారు. కర్ర మాత్రం మంచిదే. కొత్త వెంట్రుకలు వేయిస్తాను, హాయిగా వాయించుకోండి” అనెను.

ఈ తీర్పును మా బావగారు అంగీకరింపలేదు. “అచ్చుగుద్దినట్లు పేరుంటే కాదంటాడేమిటయ్యా? ముసలాయనకు చూపు ఆనదేమో!” అనిరి. తూర్త్ ముద్ర వేయడని నేను ఎంత విన్నవించినను, గొప్పవాడు పేరు వేసికొనకుండుట లోకమున ఎచ్చటను జరుగదని ఆయన సిద్ధాంతము. మన సాహిత్య సభలను చూచినవారు ఆయనను తప్పుపట్టలేరు.

వెంట్రుకలు మార్పించిన కూలిలో సగము ఇమ్మని ఆయనకు జాబు వ్రాసితిని. జవాబు రాలేదు, భాగము ప్రసక్తియు నాటితో నిలిచిపోయెను.