గన్నవరం బావకి, చేపపిల్లల తండ్రి రాయునది

సాల్ట్ లేక్ సిటీ, యూటా

ఇక్కడ నేను, నీ చెల్లెలు, పిల్లలు క్షేమం. పిల్లలంటే ఇద్దరు మావాళ్లు, మిగతావాళ్లు ఏంజెల్ ఫిష్ పిల్లలు. బడికి వెళ్లేది మొదటి ఇద్దరే గానీ, ఖర్చులో పెద్ద తేడా లేదు.

ఫ్యామిలీ గ్రూపులో నేను పెట్టిన చేపపిల్లల ట్రే ఫొటో కింద నీ వాయిస్ మెసేజ్ విన్నాను. "కైకలూరులో నేను పిల్లని లక్షల్లో తీస్తుంటే, నువ్వు అమెరికా వెళ్లి ట్రేలో వంద పిల్లల్ని పెంచుతున్నావా? దానికి వీసా ఎందుకురా?" అన్నావు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది, అదీ నా బాధ. నలుగురిలో అన్నావు కాబట్టి నాలుగు పేజీల జవాబు రాస్తున్నాను. వాయిస్ మెసేజ్ అయితే సగంలో ఆపేస్తావు. కాగితమైతే అక్క చదివి వినిపిస్తుంది, తప్పించుకోలేవు.

నీ వ్యాపారం వేరు బావా. శీలావతి చేపకి సాయంత్రం ఇంజెక్షన్ పొడిచి సిమెంటు తొట్టిలో వదుల్తావు. మర్నాటికి గుడ్లు, ఆ మర్నాటికి పిల్ల. కిలో తల్లి లక్షకు పైనే గుడ్లు పెడుతుంది. కప్పుతో కొలిచి అమ్ముతావు. సగం పోయినా నీ ఇంట్లో ఎవరూ ముద్ద మానరు. నా దగ్గర ఉన్నది ఒక్క జంట. రాతిపలక మీద వరసలు దిద్ది మరీ గుడ్లు పెడతాయి. పగలంతా మొగుడూ పెళ్లామూ వంతులేసుకుని రెక్కలతో విసురుతారు. చూసినవాడికి కన్నీళ్లొస్తాయి. రాత్రి లైటు తీశాక ఏం మాట్లాడుకుంటారో తెలియదు, తెల్లారేసరికి పలక ఖాళీ! గుడ్లన్నీ వాళ్లే తినేస్తారు. అందుకే పలకతో సహా గుడ్లను పట్టుకొచ్చి వేరు కాపురం పెట్టించాల్సి వస్తుంది.

వేరు కాపురానికి షాపులో ఓ ప్లాస్టిక్ పెట్టె అమ్ముతారు. సబ్బుపెట్టెకి అన్నయ్య అనుకో. నీళ్లు కదలవు, మిగిలిన మేత అడుగున కుళ్లుతుంది. నీళ్లు కదిలేలా చేస్తే పిల్లలు వెళ్లి కన్నాలకు అతుక్కుంటాయి. ఆ ధరకి గన్నవరం బస్టాండు దగ్గర ఇద్దరు కడుపునిండా భోంచెయ్యొచ్చు. ఇలా కాదని నేనే ట్రేలు కట్టడం మొదలుపెట్టాను.

ఆ రోజు నుంచి ఇంట్లో మూత ఉన్న ప్రతి డబ్బా భయపడుతోంది. దోసెపిండి డబ్బా లోతెంతో స్కేలుతో కొలుస్తుంటే నీ చెల్లెలు చూసింది. ఏమీ అనలేదు. పిండి డబ్బాలన్నీ పైఅరలోకి మార్చేసింది. అయినా ఆ డబ్బాలు పనికిరావులే, ఆ రకం ప్లాస్టిక్‌కి సిలికాన్ అంటుకోదు. గాజు పలకలు కోయించి పెట్టె కట్టాలి. సిలికాన్‌లోనూ మతలబుంది. బాత్రూముల్లో వాడేదాంట్లో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది బూజుతో పాటు చేపనీ చంపుతుంది. ఏమీ కలపనిది వెతికి తేవాలి. అది ఆరేదాకా ఇల్లంతా వెనిగర్ వాసన. పక్క ఫ్లాట్ గుజరాతీ ఆవిడ తలుపు కొట్టి, ఏం ఊరగాయ పెడుతున్నారని అడిగింది.

ఇప్పుడు అసలు పనితనం విను. ట్రే లోతు మూడంగుళాలు, అంతే. పిల్లకి మేత ఎదురుగా కనపడాలి, వెతుక్కుంటూ ఊరంతా తిరిగితే ఉన్న ఓపిక అయిపోతుంది. ట్రేని పెద్ద ట్యాంకు అంచుకి తగిలించాను. ట్యాంకులో నిలువుగా ఓ గొట్టం పెట్టి, దాని అడుగున చిన్న పైపుతో గాలి వదుల్తాను. బుడగలు కలిసిన నీళ్లు తేలికై గొట్టంలో పైకెక్కి, వంపు తిరిగి ట్రేలో పడతాయి. రెండోవైపు జాలీ కిటికీలోంచి మళ్లీ ట్యాంకులోకి దిగుతాయి. అదే నీరు, అదే వెచ్చదనం, ట్రేకి విడిగా హీటరు అక్కర్లేదు. బయట మంచు మోకాలి దాకా ఉన్నా లోపల మన గన్నవరం వాతావరణమే. నీళ్ల మోటారూ లేదు. త్రీఫేజ్ కరెంటు ఎప్పుడిస్తాడా అని నీలాగా అర్ధరాత్రి లేచి కూర్చోనక్కర్లేదు.

కిటికీ దగ్గరే ఉంది కిటుకంతా. జాలీ చిన్నగా పెడితే నీళ్లన్నీ అక్కడే తోసుకుంటాయి, పిల్ల వెళ్లి దానికి అంటుకుపోతుంది. ఓ వైపు గోడ మొత్తం జాలీయే పెట్టేస్తే ఒక్కో కన్నం దగ్గర లాగుడు ఉందా లేదా అన్నట్టుంటుంది. చీమతలంత పిల్ల కూడా జాలీ ముందు నిలబడి కాలక్షేపం చేస్తుంది. చేపపిల్లకి ఈత నేర్పేవాళ్లు ఉండరంటారు గానీ, ఈత కుదిరే చోటు ఎవడో ఒకడు కట్టాలిగా!

ఇదంతా అమెరికా తెలివి అనుకునేవు. మామయ్య రోజుల్లో చెరువులో నాలుగు కర్రలు పాతి హాపాలు కట్టేవాళ్లు, గుర్తుందా? బయట మల్లుగుడ్డ తొట్టి, దాని లోపల దోమతెర తొట్టి. గుడ్లు లోపలి దాంట్లో పోస్తే, పిల్ల పుట్టి దోమతెర కన్నాల్లోంచి బయటి గుడ్డలోకి దిగేది, పెంకులు లోపలే మిగిలేవి. తెర ఎత్తి దులిపితే చెత్త బయటికి, పిల్ల మనకి. పైసా యంత్రం లేదు. ఇప్పుడు నీ సిమెంటు తొట్టిలో బాతుముక్కు గొట్టాలు నీటిని గుండ్రంగా తిప్పుతుంటే, మధ్యలో జాలీ చుట్టిన పీపాలోంచి నీరు బయటికి పోతుంది కదా, అదీ ఆ లెక్కే. నెమ్మదిగా కదిలే నీరు, వెడల్పాటి జాలీ. నా ట్రేలో కొత్తదనమంటూ ఉంటే అది దాన్ని సోఫా పక్కన పెట్టడమే.

అసలు నువ్వు పొడిచే ఆ ఇంజెక్షన్ కూడా మనకి ఊరికే రాలేదు. 1957 జూలై 10న ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి ఒక చేప పిట్యూటరీ రసాన్ని ఇంకో చేపకి ఎక్కించి గుడ్లు పెట్టించాకే, వరదనీట్లో పిల్ల ఏరుకునే బాధ తప్పింది. జూలై 10ని దేశమంతా చేపరైతుల దినం చేస్తారు. నువ్వు మాత్రం ఆ రోజు కూడా చెరువు గట్టున ఫోన్లో రేటు గురించి అరుస్తూనే ఉంటావు. ఆ మహానుభావుడికి ఒక దండ వెయ్యి బావా, నీ డాబా ఆయన కట్టించిందే.

ఇక మేత సంగతి. ఇక్కడ నేను నీకంటే పెద్ద జమీందారుని. నువ్వు పేరు విన్న ఆర్టీమియా టిన్ను ఎక్కడ పుడుతుందో తెలుసా? వాటిలో పెద్ద వాటా మా ఊరి ఉప్పు సరస్సుదే. సముద్రం కంటే ఎన్నో రెట్లు ఉప్పు, అందులో చేప బతకదు. బతికేది ముఖ్యంగా ఈ ఆర్టీమియా అనే బుల్లి ఉప్పురొయ్య, దానికి తోడు ఈగలు. చలి దగ్గరపడితే ఈ రొయ్య గట్టి పెంకు గుడ్లు పెడుతుంది, అవి నీటిమీద ఎర్రమట్టి చారల్లా తేలతాయి. అక్టోబరు 1న సీజను మొదలైతే కంపెనీలవాళ్లు విమానాల్లోంచి చారలు చూసి పడవల్ని పరిగెత్తిస్తారు. ఆ పురుగుని 2023లో చట్టం చేసి మరీ రాష్ట్ర చిహ్నాల్లో చేర్చుకున్నారు, బడిపిల్లలు అడిగితే! ఆ గుడ్లే టిన్నులకెక్కి మన సూర్యలంక, ఉప్పాడ వైపు రొయ్య హేచరీలకి చేరతాయి. వాటిని తిని పెరిగిన మన వెనామీ ఐసులో పడుకుని తిరిగి అమెరికా వస్తుంది. ఇక్కణ్ణించి గుడ్డు వెళ్లేటప్పుడు ఇంత గొడవ లేదు గానీ, 2025 ఆగస్టులో అది రొయ్యై తిరిగొచ్చేసరికి యాభై శాతం సుంకమన్నారు.

నా ఉత్పత్తి వంటింటి గట్టు మీదే. కోకాకోలా సీసా అడుగు కోసి, తలకిందులుగా నిలబెట్టి, ఉప్పునీళ్లలో చిటికెడు గుడ్లు వేసి గాలి పెడతాను. ఒక్క గ్రాములో రెండు లక్షల పైచిలుకు గుడ్లు, కాబట్టి లక్షల్లో తీసేది నువ్వొక్కడివే కాదు. మర్నాటికి నారింజరంగు మబ్బు కమ్ముతుంది. గాలి ఆపితే పెంకులు పైకి, పురుగు కిందికి. మూత వదులు చేసి పట్టుకోవడమే. పిల్లకి మేత వేసే అరగంట ట్రేకి గాలి కట్టెయ్యాలి, లేకపోతే పురుగంతా జాలీ దాటి కింద అమ్మానాన్నల నోట్లో పడుతుంది. గుడ్లు తిన్నది చాలక భోజనం కూడానా!

గుడివాడ నుంచి మా మామగారు వచ్చి ఆ సీసాని రెండ్రోజులు మౌనంగా పరిశీలించారు. మూడోరోజు మెల్లిగా, "షుగరుకి పనిచేస్తుందా?" అని అడిగారు. విషయం చెప్పాను. "ఈ చేపలు ఎంత పెరుగుతాయి?" అన్నారు. అరచెయ్యంత అన్నాను. "పులుసుకి చాలదు" అని తీర్పు చెప్పి టీవీ పెట్టుకున్నారు.

ఒక్క విషయంలో మాత్రం ఈ దేశం మీద కోపం. గుడ్లకి బూజు పట్టకుండా నీళ్లలో బాదం ఆకు వేస్తే మంచిదని ఇక్కడ ఎండుటాకులు పదేసి కట్టి డాలర్లకి అమ్ముతున్నారు. మన పెరట్లో అక్క రోజూ తిట్టుకుంటూ ఊడ్చి తగలబెట్టేవే. ఇకమీదట తిట్టొద్దని చెప్పు. పంపొద్దు కూడా, వచ్చే నెల ఎండుటాకులతో వచ్చే అమ్మని ఎయిర్‌పోర్టులో ఆపితే ఆమె చెప్పే జవాబుకి నా వీసా పోతుంది.

పంపాల్సింది వేరే ఉంది. అమ్మ ఎలాగూ వస్తోంది కదా, హాపా గుడ్డ రెండు గజాలు, సన్నకన్నాల రకం, ఆమె పెట్టెలో పెట్టు. ఇక్కడి జాలీ అడుగుల్లెక్కన అమ్ముతున్నారు, ధర చూస్తే అది చేపకా, పెళ్లికూతురికా అని అనుమానం వస్తోంది. కొత్తదే పంపు, చెరువులో తడిసింది వద్దు. ఆవకాయ సీసా చుట్టూ మాత్రం చుట్టకు.

ఇట్లు,
నీ బావమరిది