పదకొండు పైసల నీళ్లు

1971 జూన్ నెలాఖరు. బెంగాల్ సరిహద్దులో బన్‌గావ్. తూర్పు పాకిస్తాన్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్లు లక్షల్లో ఉన్నారు. వానలు పడ్డాయి. కలరా అంటుకుంది.

కలకత్తా నుంచి వచ్చిన డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆస్పత్రిలో అడుగుపెట్టేసరికి రెండు గదుల నిండా నేల మీదే రోగులు. సెలైన్ ఎక్కించాలంటే ఆ వాంతుల్లో, మలంలో మోకరిల్లాలి. సీసాలా అయిపోతున్నాయి. సూది పెట్టడం వచ్చినవాళ్లు ఆయన బృందంలో ఇద్దరే.

ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగిస్తే కలరా రోగి నిలబడతాడని ఢాకాలో, కలకత్తాలో పరిశోధకులు అప్పటికే తేల్చారు. కానీ అది ఆస్పత్రి మంచం మీద, నర్సుల కాపలాలో జరిగిన పని. గుడారంలో, చదువురాని తల్లి చేతికి గ్లాసిచ్చి తాగించమనడం వేరు. మహలనబిస్ ఆ సాహసమే చేశారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా. కలకత్తాలో ఒక లైబ్రరీ గదిలో పొట్లాలు కట్టించి తెచ్చి డ్రమ్ముల్లో కలిపారు. లీటరుకు అయిన ఖర్చు 11 పైసలు. నీళ్లతో కలరా తగ్గుతుందంటే ఎవరూ నమ్మలేదు. అందుకని ‘నోటితో తాగే సెలైన్’ అని చెప్పారు. తల్లులు, అక్కలు, భర్తలు పక్కన కూర్చుని మగ్గుతో తాగించారు.

ఇంకో పని కూడా చేశారాయన. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది అదే. అన్ని చావుల మధ్య లెక్క రాశారు. ఎంతమంది వచ్చారు, ఎందరు పోయారు, ఏం తాగించారు, అన్నీ. ఎనిమిది వారాల్లో 3,700 మందికి పైగా రోగులు. అంతకుముందు నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. ఆ లెక్కలు 1973లో అచ్చయ్యాయి. కాందిశీకుల శిబిరంలో కలరా వస్తే ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలో ఇక ఎవరూ వెతుక్కోనక్కర్లేదు. ఈరోజు మన ఇంట్లో పిల్లకు విరేచనాలు పట్టుకుంటే మెడికల్ షాపులో కొనే ఓఆర్ఎస్ పొట్లం ఆ దారిన వచ్చిందే.

ఇరవైమూడేళ్లు గడిచాయి. 1994 జులై, ఆఫ్రికాలో గోమా. రువాండా నుంచి అయిదు లక్షలకు పైగా జనం పారిపోయి వచ్చారు. సమాధి తవ్వుదామంటే పార దిగని లావా నేల. విమానాలు దిగాయి, సైన్యాలొచ్చాయి, సహాయ సంస్థలొచ్చాయి, టీవీ కెమెరాలొచ్చాయి. మొదటి నెలలోనే దాదాపు యాభై వేల మంది చనిపోయారు. ఎక్కువమందిని తీసుకుపోయినవి కలరా, జిగట విరేచనాలే.

చికిత్సా కేంద్రాలు ఉండి కూడా ఎందుకు ఆపలేకపోయాయి? అక్కడికి వెళ్లి పనిచేసిన ఎనిమిది మంది వైద్య బృందం 1995లో ‘లాన్సెట్’ పత్రికలో కారణాలు రాసింది. ఒంట్లోకి నీళ్లు ఎక్కించడంలో ఆలస్యం చేశారు. నోటి ద్వారా తాగించాల్సినంత తాగించలేదు. పనికిరాని రకం సెలైన్ వాడారు. కలరాను చూసిన అనుభవం సిబ్బందికి లేదు.

ఆ ఎనిమిది మందీ బంగ్లాదేశ్ నుంచి వెళ్లారు. బన్‌గావ్‌లో నేల మీద పడుకుని ఆ 11 పైసల నీళ్లు తాగి బతికినవాళ్ల దేశం అది.