క్రొత్త పొత్త మిదియ: టీకా తాత్పర్య సహితము

మూలము:
క్రొత్త పొత్త మిదియ కొనవలె నీవును
పాత పొత్త మింకఁ బనికిరాదు
సకల సేన లిచట సమముగ నుండును
మూడు నెలల వఱకు ముచ్చటగను

అవతారిక: నాటింగ్‌హామ్‌లో పుట్టి లోకమంతటా అమ్ముడయ్యే వార్‌హామర్ 40,000 అను ప్లాస్టిక్ బొమ్మల బల్లమీది యుద్ధక్రీడకు కొత్త కూర్పు వచ్చినప్పుడెల్ల, సమతూకము సిద్ధించెనని గంభీర ప్రకటన వెలువడుట ఆచారము. తత్సారమే ఈ ఆటవెలది. కర్త ఎవరో తెలియదు. జేబు ఖాళీ అయినవాడని శైలి చెప్పుచున్నది.

ప్రతిపదార్థము: సుగమము. వ్యాఖ్యాత మల్లినాథసూరియైనను ఇచట కలము దించును.

విశేషము: "సకల సేనలు". ఇచట కొంత నిలువవలెను. భారతము లెక్కన ఒక రథము, ఒక ఏనుగు, మూడు గుర్రములు, ఐదుగురు కాలిబంట్లు కలిసినది పత్తి అను దళము. అక్కడినుండి సేనాముఖము, గుల్మము, గణము, వాహిని, పృతన, చమువు, అనీకిని: అన్నియు మూడింతల మెట్లే. అనీకినులు పదియైన అక్షౌహిణి. అనగా 21,870 రథములు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రములు, 1,09,350 మంది బంట్లు. వీరందరినీ ప్లాస్టిక్ చట్రము నుండి కోసి, గమ్ముతో అతికి, ప్రైమర్ కొట్టి, ప్రతి ఏనుగు కంటికీ సన్నకుంచెతో చుక్క పెట్టువాడెవ్వడు? పాండవులకు ఏడు, కౌరవులకు పదకొండు. వ్యాసుడు దానిని సమము చేయలేదు, చేసితినని చెప్పుకొననూ లేదు. దుర్యోధనుడు దారి పొడుగునా విడుదులు కట్టించి శల్యుని తనవాని చేసికొనెను. విస్తరణల కొనుగోలుకు ఇదే ఆద్యము. అంత ఖర్చుపెట్టి తెచ్చిన శల్యుడు కర్ణుని రథమెక్కి ఏమి మాట్లాడెనో లోకవిదితము. ఈ క్రీడలో బొమ్మల విలువ పాయింట్లలో కట్టుదురు. ఆ లెక్కన కృష్ణుడు ఎన్ని పాయింట్లు? ఆయుధము పట్టనన్నాడు కనుక సున్న అనును పట్టిక వేయువాడు. అర్జునుడు ఆ పట్టిక చదువలేదు. ఇక రుక్మి: అక్షౌహిణితో వచ్చి ఇరుపక్షములచే వద్దనిపించుకొనెను. అటకెక్కిన సేనలన్నిటికీ అతడే అధిదేవత.

ప్రస్తుతమును మరచితిమి.

"పాత పొత్తము": 2023 ఫిబ్రవరిలో వరల్డ్ ఈటర్స్ అను పక్షానికి గట్టి అట్టతో నియమముల పుస్తకము వచ్చెను. జూన్‌లో పదో కూర్పు వచ్చి దానిని చెల్లని కాసు చేసెను.

"మూడు నెలలు": అత్యుక్తి యని పూర్వపక్షము. న్యూనోక్తి యని సిద్ధాంతము. 2022లో లీగ్స్ ఆఫ్ వోటాన్ అను పక్షమునకు పుస్తకము విడిగా అంగళ్లకెక్కకముందే బలము కోసే సవరణ వెలువడెను.

తాత్పర్యము: ఓడిపోతే నాకు కోపం లేదు. పాచికలు పడకపోతే పడవు. కానీ బొమ్మను అమ్మేదీ, దాని విలువ నిర్ణయించేదీ ఒకే చెయ్యి. పాయింట్లు తగ్గించారా, మీ 2000 పాయింట్ల సేనలో ఖాళీ ఏర్పడుతుంది, నింపడానికి మరో పెట్టె కొనాలి. పెంచారా, మీ బొమ్మలు దండగైపోతాయి, గెలిచే బొమ్మల పెట్టె కొనాలి. రాత్రుళ్లు కూర్చుని వేసిన రంగుకు మాత్రం ఏ సవరణ పత్రంలోనూ పరిహారం రాయరు.

పాఠాంతరము: కొన్ని ప్రతులలో "మూడు దినము వఱకు" అని కలదు. వ్యాకరణము కుంటినను గణభంగము లేదు. వోటాన్ వారు ఈ పాఠమునే ఆదరింతురు.