వండని బియ్యం ఎవరికి?

మా రోజుల్లో శ్రమదినాలు వచ్చాయంటే ఆ సంగతి ముందు తెలిసేది పొయ్యి దగ్గరే. భస్మ బుధవారం నుంచి ఈస్టరు దాకా, ఆదివారాలు తీసేస్తే 40 రోజులు. నీచు ముట్టేవాళ్లం కాదు. పెళ్లిమాట ఎత్తేవాళ్లం కాదు. ఆడవాళ్లు తల్లో పూలు పెట్టుకునేవాళ్లు కాదు. శుక్రవారం పగలంతా ఉపవాసం. ఇవన్నీ ఇప్పటికీ చాలామంది చేస్తున్నారు, కాదనను. పోయిందల్లా ఆ తినని కూడు ఎవరికి చేరాలన్న ధ్యాస.

నందిగామ చుట్టుపక్కల మా మెట్ట ఊళ్లలో ఇది సరిగ్గా మిరపకోతల కాలం. పొద్దున్నే చద్దన్నం తిని చేలోకి వెళ్లిన మా అమ్మ, సాయంత్రం చేతులు భగభగ మండుతుంటే ఇంటికొచ్చేది. మజ్జిగతో కడుక్కున్నా ఆ మంట చల్లారేది కాదు. ఆ చేతులతోనే ఎసట్లో పొయ్యబోయే బియ్యంలోంచి పిడికెడు తీసి మూలనున్న మట్టిముంతలో వేసేది. శుక్రవారమైతే ఆ పూట వండని బియ్యమంతా ముంతలోకే. మాకేమన్నా గాదెలున్నాయా? బియ్యం లేని రోజుల్లో జొన్నన్నమే. "మనకే చాలట్లేదు కదమ్మా" అంటే, "మనకు ఒకపూట చాలదు, వాళ్లకు రెండు పూటలా చాలదు" అనేది.

ఆదివారం గుళ్లో ఆ ముంతలన్నీ ఒక గంపలోకి వంచేవాళ్లు. ఉపదేశిగారూ నలుగురు పెద్దమ్మలూ ఆ గంప పట్టుకుని మంచాన పడ్డ ముసలాయన ఇంటికి, పచ్చి బాలింత ఇంటికి, కూలికి పోలేని విధవరాలింటికి వెళ్లేవాళ్లు. గుడికొస్తారా రారా అని అడిగేవాళ్లు కారు. కుర్రాళ్లం ఆ ఇళ్లకు నీళ్లు మోసేవాళ్లం, కప్పు మీద తాటాకు సర్దేవాళ్లం. 1859లో మా పక్క రాఘవాపురం పాగోలు వెంకయ్య, బెజవాడ మిషనరీ డార్లింగ్ దొర చేత బాప్తిస్మం పొందిన నాటి నుంచీ ఈ పల్లెల్లో గుళ్లు నిలబెట్టింది ఇలాంటి కూలిజనమే. ఇవ్వాలంటే ముందు మనకుండాలి అనే మాట వాళ్ల నోట నేను వినలేదు.

ఇప్పుడేమో 40 రోజుల ఉపవాస కూటాలని సెంటర్లో ఫ్లెక్సీలు. ఫ్లెక్సీ నిండా ప్రసంగీకుల ఫొటోలు. ఊరంతా మోగే సౌండ్ బాక్సులు. సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు బిర్యానీ ప్యాకెట్లు. పిల్లలు చాక్లెట్ మానేశామంటారు, సెల్‌ఫోన్ మానేశామంటారు. మంచిదే. మానేస్తే మిగిలిన డబ్బేదిరా అంటే మొహమొహాలు చూసుకుంటారు. వాళ్లననడం దేనికి? అడిగే పెద్దలు లేకపోయారు.

తినని కూడు లేనివాళ్లకు చేరాలనడం మా ముసలాళ్ల చాదస్తం కాదు. రెండో శతాబ్దంలో రోములో పుట్టిన 'హెర్మాసు కాపరి' అనే పుస్తకం ఈ సంగతి తేల్చి చెప్పింది. ఉపవాసం ఉన్న రోజు తినకుండా మిగిలిన తిండికి ఖరీదు కట్టి, ఆ సొమ్ము విధవకో తల్లీతండ్రీ లేని బిడ్డకో లేనివాడికో ఇచ్చెయ్యమంది. యెషయా 58వ అధ్యాయం తీసి చూడండి, దేవుడు కోరిన ఉపవాసం ఏదో అక్కడే ఉంది. మన పక్కింటి ముస్లింలను చూడండి. 2025లో రంజాన్ నెల మార్చి 2న మొదలైతే, మన భస్మ బుధవారం 5న వచ్చింది. దాదాపు నెలరోజులు ఇద్దరమూ కలిసే ఉపవాసమున్నాం. వాళ్లు పండుగ నమాజుకు వెళ్లేలోపే ఫిత్రా ఇచ్చెయ్యాలి, పేదవాడి ఇంట్లోనూ ఆ రోజు పొయ్యి వెలగాలని. మన ఈస్టరు నాడు అలా ఎన్ని పొయ్యిలు చూసుకుంటున్నాం?

లేనివాళ్లు ఎక్కడున్నారని ఒకాయన నన్ను అడిగాడు. పిల్లలు హైదరాబాద్‌లో స్థిరపడితే ఇక్కడ ఒంటరిగా మిగిలిపోయిన ముసలివాళ్లు లేరా? మిరపకోతలకు వలసొచ్చి చేలగట్ల మీద పట్టాల కింద పిల్లలతో పడుకునేవాళ్లు లేరా? పెద్దాసుపత్రి వరండాలో టీ, బన్నుతో పూట గడిపే రోగి బంధువులు లేరా?

అయ్యా, అమ్మా, వచ్చే శుక్రవారం మీ ఇంట్లో వండని బియ్యం ఒక సంచిలో కొలిచి పొయ్యండి. కొనని కూర డబ్బులు దానికి కలపండి. కానుకల పెట్టెలో వేసి చేతులు దులుపుకోవద్దు. చీకటి పడకముందే మీరే తీసుకెళ్లి ఇచ్చి, వాళ్ల దగ్గర కాసేపు కూర్చుని రండి. ఆ తర్వాత ఉపవాసం విడవండి.