చెల్లు కాగితం

ఏఎస్సైగా ప్రమోషన్ వచ్చి భుజం మీద నక్షత్రం పడ్డా, మా ఊరు ఆయన్ని హెడ్డుగారనే పిలిచేది. మధ్యలో వచ్చిపోయిన ఎస్సైల పేర్లు ఇప్పుడు ఎవరినడిగినా చెప్పలేరు. జిల్లాలో ఎక్కడికి బదిలీ చేసినా నాలుగు స్టేషన్లు తిరిగి, ఎవరి కాళ్లో పట్టుకుని, మళ్లీ గుండ్లకమ్మ ఒడ్డునున్న మా ఊరికే వచ్చి చేరేవాడు.

నేను ఆ స్టేషన్ ఎదుట వేపచెట్టు కింద బల్ల వేసుకుని అర్జీలు రాస్తాను. స్టేషన్ మెట్లెక్కడానికి జంకే మనిషి ముందు నా దగ్గర ఆగుతాడు. మంచినీళ్లు తాగి, ఏడ్చేది ఏడ్చి, చెప్పేది చెబుతాడు. అందులోంచి తిట్లు తీసేసి, తేదీలు చేర్చి కాగితం మీద పెట్టడం నా పని. కాబట్టి హెడ్డుగారి గురించి ఊళ్లో వాళ్లకంటే నాకు రెండు ముక్కలు ఎక్కువే తెలుసు.

రాత్రి బీటుకు వెళితే బజారులో ప్రతి షట్టరు తాళమూ లాగి చూసేవాడు. ఒకసారి మందుల షాపాయన తాళం వేయడం మరిచిపోయి వెళ్లిపోయాడు. ఆయన భార్యకు ఒంట్లో బాగోలేదని, అర్ధరాత్రి తలుపు కొడితే కంగారు పడుతుందని, హెడ్డుగారు తెల్లారేదాకా ఆ షాపు మెట్ల మీదే కూర్చున్నాడు. అనాథ శవం దొరికితే పంచనామా, పోస్టుమార్టం అయ్యాక తెల్లగుడ్డ తన డబ్బుతో కొనేవాడు. 2020 లాక్‌డౌన్‌లో లాఠీ చంకన పెట్టుకుని ముసలివాళ్లకు బీపీ మాత్రలు, షుగరు మాత్రలు ఇంటింటికీ చేరవేశాడు. ఏ ఇంట్లో ఏ మాత్ర, ఎన్ని మిల్లీగ్రాములు అన్నది ఆయనకు నోటికొచ్చు.

ఇవన్నీ ఒక ఎత్తు, రాజీలు ఒక ఎత్తు.

గట్టు తగాదాలో తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ములు వచ్చారనుకోండి. లోపలికి పిలిచి ఒకే బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. ఎదుటి కొట్టు కుర్రాడికి కేకేసి ఒక్క టీ, రెండు గ్లాసులు తెప్పించేవాడు. "వన్ బై టూ తాగండ్రా, చిన్నప్పుడు ఒకే పళ్లెంలో తిన్నోళ్లేగా" అనేవాడు. టీ చల్లారేదాకా ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. ఆ మౌనానికి సగం తగాదా దిగిపోయేది. మిగతా సగం ఆయన తిట్టి దించేవాడు. అంతా అయ్యాక నేను రాసిచ్చిన అర్జీని ఇద్దరి కళ్లెదుటే నిలువునా చింపేవాడు. "అయిపోయింది. ఇక దీని ఊసెత్తకండి."

అర్జీ రుసుము ముందే పుచ్చుకుంటాను గనక నాకేం బాధలేదు. కానీ ఒకసారి ఉండబట్టలేక అన్నాను: "హెడ్డుగారూ, కాగ్నిజబుల్ నేరమైతే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో చెప్పిందటగా?"

ఆయన నవ్వాడు. "చెప్పుంటుందయ్యా. ఆ జడ్జీలు రేపు మన సంతలో ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకోనక్కర్లేదుగా. వీళ్లు చూసుకోవాలి. కేసు కడితే పదేళ్లు కోర్టు చుట్టూ తిరిగి, అన్న పొలమూ తమ్ముడి పొలమూ రెండూ అమ్ముకుంటారు."

కాదనడానికి నా దగ్గర మాట లేదు. అలా అమ్ముకున్నవాళ్ల వాయిదా దరఖాస్తులూ నేనే రాశాను మరి.

ఏడాదికోసారి తనిఖీకి వచ్చే దొరలకు మా స్టేషనంటే ముచ్చట. క్రైమ్ రిజిస్టరు పలచగా ఉండేది. ఉగాదికి ఆయనకు సేవాపతకం కూడా వచ్చింది. ఊరు బ్యాండుమేళం పెట్టింది.

ఇక చీటీలాయన సంగతి. బజారులో ఫ్యాన్సీ షాపు పైకి, పాటల చీటీలు లోపల. చిట్‌ఫండ్ల చట్టం 1982లోనే వచ్చింది, చీటీ మొదలెట్టకముందే అనుమతి, రిజిస్ట్రేషన్ ఉండాలంటుంది. మా ఊళ్లో రిజిస్ట్రేషన్ అంటే పసుపు బొట్టు పెట్టిన రెండొందల పేజీల నోటుబుక్కు. మొదట ఇడ్లీలమ్మే ఆమె వచ్చింది. కూతురి పెళ్లికని కట్టిన చీటీ ఆఖరి నెలదాకా వచ్చాక, డబ్బు ఇవాళ రేపు అంటున్నాడని. నేను రాశాను. హెడ్డుగారు చీటీలాయన్ని పిలిపించి చెడామడా తిట్టాడు. అతను చేతులు కట్టుకుని, తలొంచుకుని, సగం పైకం అక్కడికక్కడే బల్ల మీద పెట్టాడు. మిగతాది మూడు వాయిదాల్లో ఇస్తానన్నాడు.

"తల్లీ, ఊళ్లోవాడు. పారిపోతాడా? లోపలేయిస్తే నీకేమొస్తుంది, ఈ సగమూ రాదు" అన్నాడు హెడ్డుగారు. ఆమె దణ్ణం పెట్టింది. అర్జీ చిరిగింది. కానీ చీటీలాయన మనసు కుదుటపడాలిగా, "నాకు ఒక చెల్లు కాగితం కావాలి సార్, రేపు మళ్లీ నామీదకు రాకుండా" అన్నాడు. నా చేతే రాయించారు: నాకు రావలసిన పైకం యావత్తూ ముట్టినది, ఇకమీదట ఏ విధమైన బాకీ లేదు. "యావత్తూ ఎక్కడ ముట్టింది?" అన్నట్టు నేను కలం ఆపితే, "రాయవయ్యా, మిగతాదానికి నేను లేనూ?" అన్నాడు హెడ్డుగారు. ఆమె వేలిముద్ర వేసింది. కింద సాక్షిగా ఆయన సంతకం చేశాడు. పొడుగ్గా, తోక తిప్పి చేసే సంతకం. దూరం నుంచి చూసినా ఆనవాలు పట్టొచ్చు.

మూడు వాయిదాల్లో ఒకటి వచ్చింది. ఆమె మళ్లీ నా బల్ల దగ్గరకు రాలేదు. చెల్లు రాసిచ్చాక ఏ మొహం పెట్టుకుని వస్తుంది?

ఆ తర్వాత రిటైరైన మేష్టారు ఒకాయన, ఆపైన ఆర్టీసీ డ్రైవరు. అదే తిట్లు, అదే సగం, అదే చెల్లు. చీటీలాయన మీద హెడ్డుగారికి ఓ విధమైన నమ్మకం కూడా కుదిరింది. "వెధవే, కానీ నా మాట దాటడు" అనేవాడు. తను తిట్టి దారిలో పెట్టిన మనిషి కదా, తన చేతి పనిలా కనపడ్డాడనుకుంటాను.

2024లో ఆయన రిటైరయ్యాడు. ఆ ఏడాదే జూలై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 420 సెక్షన్ కాస్తా 318లో కలిసింది. ఊళ్లో మాత్రం మోసగాడు ఇంకా ఫోర్‌ట్వంటీయే. సన్మానానికి జీపును బంతిపూలతో ముంచేసి, తాళ్లు కట్టి బజారంతా లాగారు. సెంటర్లో 'నేరరహిత పట్టణ నిర్మాత' అని నిలువెత్తు ఫ్లెక్సీ. దాని ఖర్చు, భోజనాల ఖర్చు చీటీలాయనది.

గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు చేతికొచ్చాక ఎవరి దగ్గర వడ్డీకి ఇచ్చాడో వేరే చెప్పాలా? వందకు రెండు రూపాయల వడ్డీ, ప్రోనోటు మీద. "బ్యాంకులో వేయొచ్చుగా" అన్నాను. "నా దగ్గర తప్పు చేయడయ్యా వాడు" అన్నాడు.

వడ్డీ ఆర్నెల్లు సరిగ్గా వచ్చింది. తర్వాత వారం తిప్పాడు, నెల తిప్పాడు. ఆపైన షాపులో ఉండి కూడా లేడనిపించాడు. ఒకరోజు ఎండవేళ హెడ్డుగారు వచ్చి నా బల్ల ముందు స్టూలు మీద కూర్చున్నాడు. జనం కూర్చునే స్టూలు అది. మంచినీళ్లు ఇచ్చాను. తాగాడు. "రాయి" అన్నాడు.

అర్జీ ఆయనే లోపల ఇచ్చి వచ్చాడు. ఎస్సైగారు రేపు రమ్మన్నారని చెప్పి, మర్నాడు నన్నూ తోడు తీసుకెళ్లాడు. కొత్త ఎస్సై కుర్రాడు, డైరెక్ట్ రిక్రూట్, మర్యాదస్తుడు. హెడ్డుగార్ని చూడగానే లేచి నిలబడి కుర్చీ వేయించాడు.

"సార్, ప్రోనోటు ఉంది, వడ్డీ కూడా కొంత కట్టాడు. పైకి సివిల్ లావాదేవీలా కనపడుతోంది. దావా అయితే మూడేళ్ల లోపు వేసుకోవచ్చు. మోసమని కేసు కట్టాలంటే డబ్బు తీసుకున్నప్పుడే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపాలి. మీకు నేను చెప్పాలా?"

"ఉద్దేశమా?" హెడ్డుగారు ముందుకు వంగాడు. "వాడికిది అలవాటు బాబూ. ఎంతమందిని ముంచాడో నాకు తెలుసు."

"అదే నేనూ వెతికించాను సార్. పాత ఫిర్యాదు ఒక్కటి దొరికినా ఇవాళే ఎత్తుకొచ్చేవాణ్ణి. సీసీటీఎన్ఎస్‌లో పేరు కొట్టించా, ఇంటిపేరు మార్చి కొట్టించా. పాత జనరల్ డైరీలు రైటరు చేత తిరగేయించా. ఏమీ లేదు."

"కాగితంలో లేకపోతేనేం? ఇడ్లీలమ్మే ఆమె ఉంది, మేష్టారున్నాడు, డ్రైవరున్నాడు. పిలిపించి స్టేట్‌మెంట్లు తీసుకోండి."

ఎస్సై కాసేపు మాట్లాడలేదు. సొరుగు లాగి మూడు కాగితాలు తీసి, ఆయనవైపు తిప్పి బల్ల మీద పరిచాడు. నా చేతిరాత నాకు తలకిందులుగా కూడా తెలుస్తుంది.

"నిన్న రాత్రి అతన్ని పిలిచి అడిగితే ఇవి చూపించాడు సార్. ముగ్గురికీ యావత్తూ ముట్టినట్టు ఉంది." కుర్రాడు గొంతు తగ్గించాడు. "కేసు కట్టమంటే కడతాను. కానీ కోర్టులో అతని తరఫున మొదటి సాక్షి మీరే అవుతారు సార్."